వాగ్గేయకారిణి ఇతరుల పాటలు ఎందుకు పాడుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. పదేళ్లుగా తన పాటలు తానే రాసి, తానే బాణీ కట్టి పాడుతున్న మీ అభిమాన గాయని ఇప్పుడు 1960లు, 70ల నాటి ఫోక్ రాక్ పాటలను, అంటే జానపద ధోరణి పాటను రాక్ వాద్యాలతో కలిపిన పాటలను, తన గొంతుతో తిరిగి పాడి ఒక ఆల్బంగా తెచ్చింది. అందులో ఆమె సొంత పాట ఒక్కటీ లేదు. రాయడానికి ఏమీ మిగలక ఈ పనికి పూనుకుందా, మూల గాయకుల రికార్డింగులు చేతికందేటంత దూరంలో ఉండగా వీటిని ఎందుకు వినాలి, విన్నా మంచిచెడ్డలు దేన్ని బట్టి తేల్చుకోవాలి అని మీరు అడిగారు. సికింద్రాబాదులో ఇరవై ఎనిమిదేళ్లుగా గిటారు నేర్పుతూ, ఇటువంటి పాటలనే పాఠాలుగా చెబుతూ వస్తున్నాను కాబట్టి కొంత వివరంగానే రాస్తాను. ఆ గాయని పేరు మీరు చెప్పలేదు. అందువల్ల ఇదే పని చేసిన మరొక గాయని ఆల్బంను, నాకు కంఠతా వచ్చినదాన్ని, ఆధారంగా తీసుకొని మాట్లాడతాను.

మాతువునూ ధాతువునూ, అంటే మాటనూ వరుసనూ, తానే కూర్చగలిగినవారిని మన పెద్దలు వాగ్గేయకారులు అన్నారు. ఇంగ్లీషువారు సింగర్ సాంగ్‌రైటర్ అనే రెండు ముక్కల పేరుతో పిలిచేది ఇంచుమించు ఇటువంటివారినే. అయితే మన కచేరీలో ఒక విద్వాంసురాలు త్యాగరాజ కీర్తన ఎత్తుకుంటే, సొంత రచనలు లేక పాడుతున్నదని ఎవరూ అనుకోరు. ఆమె ఏ గురువు పాఠాంతరం పాడుతున్నదో, ఏ సంగతి ఎక్కడ వేస్తున్నదో గమనిస్తారు. మీకు సందేహం కలగడానికి కారణం మరొకటి ఉంది. త్యాగరాజస్వామి గొంతు మనకు రికార్డుగా మిగలలేదు, అమెరికన్ పాటల రచయిత, గాయకుడు బాబ్ డిలన్ గొంతు మిగిలింది. పాట పుట్టిన క్షణమే ప్లాస్టిక్ పళ్లెం మీద అచ్చయిపోయిన కాలంలో, ఆ తర్వాత పాడిన ప్రతివారూ ఆ మొదటి గొంతు పక్కన నిలబడి పోలికకు సిద్ధపడవలసిందే. మీ ప్రశ్నకు బరువు అక్కడి నుంచి వచ్చింది గనుక దాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు.

కాని ఫోక్ రాక్ అన్న సంగీతమే ఒకరి పాట మరొకరు పాడటంలో పుట్టిందన్న సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి. 1965లో బర్డ్స్ బృందం బాబ్ డిలన్ రాసిన ‘మిస్టర్ టాంబురిన్ మాన్’ను తీసుకొని, నాలుగు చరణాల పాటలో ఒక్క చరణాన్నే ఉంచి, రోజర్ మెక్‌గ్విన్ పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారు మీద మొదటి పలుకులు మీటడంతో ఫోక్ రాక్ అన్న పేరుకు ఒక ధ్వని ఏర్పడింది. డిలన్ పాటలో రాత్రంతా నిద్ర లేక వీధుల్లో తిరిగే మనిషి కనిపిస్తాడు, బర్డ్స్ పాటలో ఉదయపు ఎండ కనిపిస్తుంది. మూడు చరణాలు తీసేసినందుకు దాన్ని తప్పు పట్టవచ్చు, నేనూ ఒకప్పుడు పట్టాను. అయినా ఆ కత్తిరింపు లేకపోతే ఆ తర్వాతి పదేళ్ల సంగీతం మరోలా ఉండేది. జోనీ మిచెల్ రాసిన ‘బోత్ సైడ్స్ నౌ’ కూడా 1967లో జూడీ కాలిన్స్ గొంతులోనే లోకానికి తెలిసింది, జోనీ స్వయంగా పాడిన రికార్డు 1969లో గాని రాలేదు. కాబట్టి మీరు స్వర్ణయుగం అనుకుంటున్న రోజుల్లో పాట ఎవరిదన్న హద్దు ఇప్పుడున్నంత గట్టిగా లేదు.

ఇక అసలు ఉదాహరణ. నాన్సీ గ్రిఫిత్ 1953లో టెక్సస్‌లోని సెగీన్‌లో పుట్టింది. కొంతకాలం చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి, తర్వాత పూర్తిగా పాటకే అంకితమైంది. ఆమె రాసిన పాటలను కాథీ మటేయా, సూజీ బోగస్ వంటి కంట్రీ గాయనులు పాడి పెద్ద విజయాలు చేసుకున్నారు. ఒకరి పాట మరొకరి నోట వెలగడం అంటే ఏమిటో ఆమె రచయిత్రి వైపు నుంచి అప్పటికే చూసింది. 1980ల చివర, 1991లో వచ్చిన ఆల్బంలలో పాప్ సంగీతం వైపు కొంత జరిగిన తర్వాత, 1993లో ‘అదర్ వాయిసెస్, అదర్ రూమ్స్’ అన్న ఆల్బం తెచ్చింది. ఆ పేరు ట్రూమన్ కపోటీ 1948లో ప్రచురించిన నవలది. అంటే ఆల్బం పేరు సైతం అరువు తెచ్చుకున్నదే, ఆ మాట దాచుకోలేదు. పదిహేడు పాటలు, ఒక్కటీ ఆమె రాసింది కాదు. తొలిరోజుల ఆల్బంలకు తోడున్న జిమ్ రూనీనే మళ్ళీ నిర్మాతగా పిలిచింది. మరుసటి ఏడాది దానికి సమకాలీన జానపద విభాగంలో గ్రామీ పురస్కారం వచ్చింది. ఇంతకాలం సొంత పాటలు రాసిన మనిషికి ఆ గౌరవం ఇతరుల పాటల వల్ల దక్కడం కొందరికి వింతగా తోచవచ్చు. నాకు మాత్రం అది సబబుగానే అనిపించింది, ఎందుకో చెబుతాను.

డాలస్‌లో ఉద్యోగం చేసే మా మేనమామ 1995లో సెలవులకు వచ్చినప్పుడు ఈ ఆల్బం క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. నేను వెనక కాగితం చదవకుండా నెలరోజులు విన్నాను. పదిహేడు పాటలూ ఒకే మనిషి రాసినవని నమ్మాను. ఒకే చూపు, ఒకే రకమైన దయ, ఊరు విడిచిపోయిన మనుషుల మీద ఒకే రకమైన బెంగ వాటన్నిటిలో ఉంది. ఆ తర్వాత కాగితం విప్పి చూస్తే వుడీ గత్రీ, బాబ్ డిలన్, టౌన్స్ వాన్ జాంట్, జాన్ ప్రైన్, గోర్డన్ లైట్‌ఫుట్, రాల్ఫ్ మెక్‌టెల్, టామ్ పాక్స్‌టన్, జానిస్ ఇయాన్ పేర్లు వరుసగా కనిపించాయి. అంటే పాటలను ఎంచుకోవడంలోనే ఆమె రచన చేసింది. వాగ్గేయకారుల కవర్ ఆల్బం, అంటే ఇతరుల పాటలను తిరిగి పాడిన ఆల్బం, వినేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: ఆ పాటల పట్టిక వారి సొంత పాటల పుట్టుకను చెబుతుందా, లేక అందరికీ తెలిసిన పాటలను అమ్మకం కోసం ఏరుకున్నదా? నాన్సీ ఎన్నికలో డిలన్ ఉన్నాడు నిజమే, కాని ఆల్బం మొదలయ్యేది డిలన్‌తో కాదు, కేట్ వుల్ఫ్‌తో. కాలిఫోర్నియాలో చిన్న వేదికల మీద పాడుతూ, తన రికార్డులు తానే వేసుకొని, 1986లో నలభై నాలుగేళ్లకే ల్యుకేమియాతో చనిపోయిన ఆ రచయిత్రి పేరు నేను ఆ క్యాసెట్ కాగితం మీదే మొదటిసారి చదివాను.

డిలన్ పాట సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇతరుల పాటను చేతిలోకి తీసుకున్నప్పుడు ఎదురయ్యే చిక్కులన్నీ అందులో ఉన్నాయి. ‘బూట్స్ ఆఫ్ స్పానిష్ లెదర్’ 1964 ఆల్బంలోని పాట. ఇద్దరు ప్రేమికుల సంభాషణగా సాగుతుంది. ఒకరు ఓడెక్కి దూరదేశం వెళుతున్నారు, నీకేం పంపను అని అడుగుతారు. రెండోవారు ఏమీ వద్దు, నువ్వు తిరిగి వస్తే చాలు అంటారు. ఆరు చరణాల వరకు వంతులవారీగా మాటలు నడుస్తాయి. అప్పటిదాకా వెళ్ళేది స్త్రీయో పురుషుడో చెప్పే మాట ఒక్కటి లేదు. ఏడో చరణంలో ఓడ ‘ఆమెది’ అని ఒక్క సర్వనామం వస్తుంది. అక్కడ గాని వెనక మిగిలింది అబ్బాయి అని మనకు తెలియదు. తెలుగులో ‘వెళ్తున్నాను’, ‘వస్తావా’ అన్నప్పుడు మాట్లాడేవారు ఆడో మగో తెలియదు, ‘వెళ్ళింది’ అన్నప్పుడే తెలుస్తుంది. ఆ పాట నిర్మాణం సరిగ్గా ఆ ఇరుకు దారి మీద నిలబడి ఉంది. ఒక స్త్రీ ఈ పాట పాడుతున్నప్పుడు ఆ ఒక్క మాట మార్చాలా వద్దా అన్న ప్రశ్న తప్పదు. మారిస్తే వెనక మిగిలిపోయేది అమ్మాయి అవుతుంది. మార్చకపోతే ఒక అబ్బాయి కథను అమ్మాయి గొంతు మోస్తుంది. రెండూ ఒప్పే. కాని గాయని ఆ మాట దగ్గర ఆలోచించిందా లేదా అన్నది వినేవాడికి తెలిసిపోతుంది. నాన్సీ సన్నని, దాదాపు చిన్నపిల్ల గొంతులాంటి గొంతుతో ఈ పాటను మొదటి నుంచీ వెనక మిగిలిపోయినవారి వైపు నుంచే పాడింది. డిలన్ పాటలో చివరి చరణంలో, ఇక తిరిగి రాదని అర్థమయ్యాక, అయితే తోలు బూట్లు పంపు అని అడగడంలో ఒక కరుకుదనం ఉంటుంది. నాన్సీ పాడినప్పుడు అదే కోరికలో, పోయినదానికి గుర్తుగా ఏదైనా దగ్గర ఉంచుకోవాలన్న తపన వినిపిస్తుంది. బాణీ మారలేదు, మాటలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అయినా పాట అర్థం మారింది.

ఆ పాట మీద హార్మోనికా వాయించింది బాబ్ డిలనే. ఇందులో మరో ముచ్చట ఉంది. 1961 సెప్టెంబరులో ఇంకా ఎవరికీ పెద్దగా తెలియని డిలన్, టెక్సస్ గాయని కెరొలిన్ హెస్టర్ రికార్డింగుకు హార్మోనికా వాయించడానికి వెళ్ళాడు. కొలంబియా సంస్థ నిర్మాత జాన్ హామండ్ కంటపడింది ఆ సందర్భంలోనే. ముప్పై ఏళ్ల తర్వాత, 1992 అక్టోబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డిలన్ గౌరవార్థం జరిగిన కచేరీలో, ఇదే ‘బూట్స్’ పాటను నాన్సీ పాడినప్పుడు పక్కన నిలబడి గొంతు కలిపింది ఆ కెరొలిన్ హెస్టరే. ఒక గాయని వెనుక హార్మోనికా వాయించి పైకొచ్చిన మనిషి, మూడు దశాబ్దాల తర్వాత మరో గాయని వెనుక, తన పాటకే, హార్మోనికా వాయించాడు. ఇటువంటి ఆల్బంను ఒక గొలుసులో లంకె అని నేను పిలిచేది ఈ అర్థంలోనే.

జాన్ ప్రైన్ 1986లో రికార్డు చేసిన ‘స్పీడ్ ఆఫ్ ద సౌండ్ ఆఫ్ లోన్లీనెస్’ పాటకు నాన్సీ ప్రైన్‌నే తన పక్కన నిలబెట్టుకొని పాడించింది. టౌన్స్ వాన్ జాంట్ రాసిన ‘టెకమ్సే వాలీ’కి వుడీ గత్రీ కొడుకు ఆర్లో గత్రీ గొంతు తోడు తెచ్చుకుంది. గని కార్మికుడి కూతురు ఒకతె పని కోసం లోయలోని ఊరికి వెళ్ళి, సారా కొట్లో పని చేసి, తండ్రి పోయాడన్న కబురు విని, క్రమంగా చితికిపోయి చనిపోయే కథ అది. టౌన్స్ పాడినప్పుడు ఆ అమ్మాయిని దూరం నుంచి చూసి జాలిపడే మగవాడి గొంతు వింటాం. ఒక స్త్రీ పాడితే, ఆమెను ఎరిగిన స్నేహితురాలు చెబుతున్నట్టు ఉంటుంది. నా విద్యార్థులకు ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి వినిపిస్తాను. మొదట నాన్సీది, తర్వాత టౌన్స్‌ది. తీగల మీద వేళ్ల నడక ఒకటే అయినా కథ చెప్పేవారు మారితే పాట ఎంత మారుతుందో వాళ్లకు నోటితో చెప్పవలసిన అవసరం రాదు.

రాల్ఫ్ మెక్‌టెల్ పాట ‘ఫ్రమ్ క్లేర్ టు హియర్’ మన పాఠకులకు ఇంకా దగ్గరగా వస్తుంది. ఐర్లండులోని క్లేర్ నుంచి లండన్‌కు భవన నిర్మాణ పనులకు వచ్చి, ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకొని, ఇంటికి డబ్బు పంపుతూ తాగుడుకు అలవాటుపడే కూలీల పాట. పాలమూరు నుంచి వలసపోయినవారిని, కరీంనగర్ జిల్లా ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవారిని ఎరిగిన ఎవరికైనా ఈ పాటకు అనువాదం అక్కర్లేదు. మెక్‌టెల్ ఇంగ్లండు మనిషి, నాన్సీ టెక్సస్ మనిషి, పాటలోని కూలీ ఐరిష్ మనిషి. రాసినవాడే ఇంకొకరి గొంతుతో రాశాడు, అందుకే అది మూడో గొంతుకు కూడా ఇమిడింది. వుడీ గత్రీ ‘దో రే మీ’ కూడా వలస పాటే. దుమ్ము తుఫానుల వల్ల పొలాలు పోగొట్టుకొని కాలిఫోర్నియాకు బయలుదేరిన కుటుంబాలను, చేతిలో డబ్బు లేకపోతే సరిహద్దులోనే వెనక్కి పంపిన రోజులవి. 1936లో లాస్ ఏంజిల్స్ పోలీసులు రాష్ట్ర సరిహద్దుల దాకా వెళ్ళి కాపలా కాశారు. అక్కడి వాడుకలో దో రే మీ అంటే డబ్బు. ఈ రెండు పాటలనూ ఒకే ఆల్బంలో పెట్టడం కాకతాళీయం అని నేను అనుకోను.

ఆల్బం చివరి పాట ‘విమొవే’. అనేక గొంతులు కలిసి, పండుగనాటి భజన గోష్ఠిలా పాడతాయి, అందులో అమెరికన్ జానపద గాయని ఒడెటా గొంతూ ఉంది. ఆ పాట చరిత్ర తెలియకుండా కవర్ పాటల గురించి మాట్లాడకూడదని నా అభిప్రాయం. 1939లో జొహానెస్‌బర్గ్‌లో సోలమన్ లిండా అన్న జూలూ గాయకుడు తన బృందంతో ‘ఎంబూబే’ అన్న పాట రికార్డు చేశాడు. హక్కులకు అతనికి దక్కింది పది షిల్లింగులు. ఆ రికార్డు అమెరికా చేరి జానపద గాయకుడు పీట్ సీగర్ చేతిలో పడింది. జూలూ పల్లవిలోని మాటను ఆయన ‘విమొవే’గా విన్నాడు. 1950ల మొదట్లో ఆయన ఉన్న వీవర్స్ బృందం దాన్ని ఆ పేరుతోనే పాడి, రచయితగా పాల్ కాంప్‌బెల్ అని వేసింది. అలాంటి మనిషి లేడు, అది ఆ బృందం పెట్టుకున్న మారుపేరు. 1961లో టోకెన్స్ బృందం కొత్తగా రాసిన ఇంగ్లీషు సాహిత్యంతో దాన్ని ప్రపంచమంతా మోగించింది. లిండా 1962లో పేదరికంలోనే చనిపోయాడు. ఆయన కూతుళ్లకు న్యాయమైన వాటా ఒప్పందం కుదిరేసరికి 2006 వచ్చింది. ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన జానపదుల పాటలు గుర్తుకొస్తాయి. ఎవరో పొలంలో కట్టిన వరుసను తీసుకొని, పక్కన ‘జానపదం’ అని ఒక్క మాట రాసి ఊరుకోవడం మనకూ బాగా అలవాటైన పని. మీరు ఏ కవర్ ఆల్బం తీసుకున్నా పాట పక్కన ఉన్న రచయిత పేరు చదవండి. ఆ పేరుకు గాయని తన ముందుమాటలో, ముఖాముఖీలలో, వేదిక మీద ఎంత చోటిచ్చిందో చూడండి. నాన్సీ విషయంలో నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. ఈ ఆల్బం వల్ల ఆమె పాట విన్నవారు ఆ పాటలు రాసినవారి దగ్గరకు వెళ్ళారు. నేనూ అలా వెళ్ళినవాడినే.

ఇతరులు వేరే దారుల్లో వెళ్ళారు. షాన్ కాల్విన్ 1994లో ‘కవర్ గర్ల్’ తెచ్చినప్పుడు డిలన్, టామ్ వెయిట్స్ పాటల పక్కనే పోలీస్, టాకింగ్ హెడ్స్ బృందాల పాటలను చేర్చి, వాటిని గిటారు మీదికి దించి నెమ్మదిగా పాడింది. వాద్యాల హోరులో వినిపించకుండా పోయిన మాట అందులో బయటికి వస్తుంది. కాట్ పవర్ పేరుతో పాడే గాయని 2000లో చేసిన కవర్ ఆల్బంలో రోలింగ్ స్టోన్స్ వారి ‘సాటిస్‌ఫాక్షన్’ను ఎత్తుకొని, అందరూ ఎదురుచూసే పల్లవిని పూర్తిగా వదిలేసింది. బర్డ్స్ చరణాలు వదిలితే పాట తేలికపడింది, ఈమె పల్లవి వదిలితే పాట బరువెక్కింది. జేమ్స్ టేలర్ 2008 ఆల్బం ‘కవర్స్’ మాత్రం నన్ను అంతగా కదిలించలేదు. వాద్యబృందం గొప్పది, ఆయన గొంతులో లోపం లేదు, కాని అందులోని చాలా పాటల దగ్గర ఆయన సుఖంగా ఉన్నాడే తప్ప ఆ పాటకు ఆయన అవసరం ఏమిటో నాకు అందలేదు. నాన్సీ కూడా 1998లో రెండో సంపుటం చేసింది. అతిథి గాయకులు మరీ ఎక్కువై, కొన్ని పాటల్లో ఆమె తన ఇంట్లోనే అతిథిలా వినిపిస్తుంది. మొదటి సంపుటంలో ఎమ్మిలూ హారిస్, ఐరిస్ డిమెంట్ కలిసి ఒక పాత పాటకు వంత పాడినప్పుడు ముగ్గురి గొంతులూ ఒక అరుగు మీద కూర్చున్నట్టు ఉన్నాయి. రెండోదానిలో ఆ ఇరుకైన చనువు కరువైంది.

ఇటువంటి ఆల్బంలు అమెరికాలో తరచుగా రావడానికి చట్టమూ ఒక కారణం. ఒకసారి రికార్డుగా విడుదలైన పాటను, నిర్ణీత రుసుము చెల్లించి, రచయిత అనుమతి కోసం ఆగకుండానే ఎవరైనా మళ్ళీ పాడి విడుదల చేసుకునే వీలు అక్కడ 1909 చట్టం నుంచీ ఉంది. పాట మౌలిక స్వరూపాన్ని మార్చకూడదన్నది షరతు. మన దేశంలో 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం 31సి సెక్షను ప్రకారం, మొదటి రికార్డింగు జరిగిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు గడవాలి. ఏడాదికి కనీసం యాభై వేల ప్రతుల లెక్కన రాయల్టీ కట్టాలి. సొంత ఖర్చుతో పాడుకునే చిన్న గాయకులకు అది మోయలేని భారం. మన వాగ్గేయకారులు తమకు దారి చూపినవారి పాటలతో ఇటువంటి నివాళి ఆల్బంలు ఎక్కువగా ఎందుకు తేలేదో ఆలోచించేటప్పుడు, రుచి గురించి మాట్లాడే ముందు ఈ లెక్క కూడా చూడాలి.

కాబట్టి మీ మొదటి సందేహానికి, అంటే రాయడానికి ఏమీ మిగల్లేదా అన్నదానికి, నా అనుభవంలో కనిపించిన జవాబు వేరు. నాన్సీ ఈ ఆల్బం తర్వాత మరుసటి ఏడాదే ‘ఫ్లయర్’ పేరుతో తన పాటల ఆల్బం తెచ్చింది, 2021లో నాష్‌విల్‌లో కన్నుమూసే వరకు ఆమెను లోకం రచయిత్రిగానే ఎరుగును. తన బావిలో నీరు ఎక్కడి ఊటలోంచి వస్తున్నదో ఒకసారి తవ్వి చూపించిందని నేను అర్థం చేసుకున్నాను. మీ గాయని విషయంలో అదే నిజమా కాదా అన్నది ఆల్బం వింటే గాని తేలదు.

వినే పద్ధతి ఒకటి చెబుతాను. మీకు బాగా తెలిసిన పాటతో మొదలుపెట్టకండి. మూల రికార్డు మీ చెవిలో ఉన్నంతసేపూ కొత్త గొంతుకు చోటు దొరకదు. మీరు ఎన్నడూ వినని పాటలు రెండు మూడు ఏరుకొని, రచయిత పేరు చూడకుండా వారం రోజులు వినండి. అవి మీ గాయని రాసినవే అనిపించేంతగా ఒదిగిపోతే ఆమె ఎన్నిక సరైనది. ఆ తర్వాత మూల రికార్డులు వినండి. ఏ మాట వదిలింది, ఏ చరణం కింది శ్రుతిలో పాడింది, ‘అతడు’ను ‘ఆమె’ చేసిందా, వేగం ఎక్కడ తగ్గించింది అన్నది గమనించండి. అందరికీ తెలిసిన పెద్ద పాటను చివరికి ఉంచుకోండి. మీకు వీలైతే ఆ ఆల్బంలోని పాటల పేర్లు, వాటి వరుసతో సహా, ఇక్కడ రాయండి. ముఖ్యంగా ఆమె మొదటి పాటగా ఎవరి పాటను పెట్టుకుందో తెలుసుకోవాలని ఉంది.